సెకనులో అరవయ్యో వంతు

బస్టాండు వెనక వీధిలో, చెప్పుల కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉన్న ఫోటో స్టూడియోలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా వినిపించే మాట ఒక్కటే: "కదలకండి." పాస్‌పోర్టు కోసం వచ్చిన పెద్దమనుషులతోనూ, ఉద్యోగం దరఖాస్తుకు వచ్చిన కుర్రకారుతోనూ, చివరికి తల్లి ఒళ్ళో గుక్కపెట్టి ఏడుస్తున్న ఆరు నెలల పసిపాపతోనూ ఆవిడ ఆ మాటను అదే గొంతుతో, అంతే మర్యాదగా చెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా చెబుతోంది. అందుకే వీధి వీధంతా ఆవిడకు కదలకమ్మ అని పేరు పెట్టేసింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, దాన్ని చదివే ఓపిక ఎవరికుంది?

స్టూడియో మామగారిది. ఆయన పోయాక మూసేద్దామని బంధువులంతా తీర్మానించారు. కొడుకు సిటీ బస్సు డ్రైవరు, అతనికి స్టీరింగు తప్ప మరో గుండ్రటి వస్తువుతో పరిచయం లేదు. అత్తగారు మాత్రం, "మూసేస్తే రోజంతా నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా కోడలు కెమెరా చేతిలోకి తీసుకుంది. అప్పటినుంచి అత్తగారు గుమ్మం పక్కన స్టూలు మీద, ఒళ్ళో అద్దం, చేతిలో దువ్వెన పెట్టుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ పాపిడి సరిచేస్తుంది, కాలరు లాగుతుంది, అడగకపోయినా సలహా ఇస్తుంది. ఫోటో ఎలా వచ్చిందో కోడలి కంటే ముందు తనే చెప్పేస్తుంది. ఆవిడ ఒకసారి బాగాలేదంటే ఇక దేవుడు దిగొచ్చినా బాగాలేనట్టే.

కదలకమ్మకు విమానాల పిచ్చి ఎలా పట్టుకుందో చెప్పాలి. ఊరి చివర మిలిటరీ వాళ్ళ రన్‌వే ఉంది. అక్కడ ఏటా ఒకరోజు జనాన్ని లోపలికి రానిచ్చి, యుద్ధ విమానాలతో ప్రదర్శన ఇస్తారు. పన్నెండేళ్ళ కిందట, ప్రదర్శన ముందురోజు పనివాళ్ళకు పాసుల ఫోటోలు తీసే పని కదలకమ్మకు వచ్చింది. గేటు దగ్గర బల్ల, తెల్ల గుడ్డ, కెమెరా స్టాండు వేసుకుని ఆవిడ వరసగా తీస్తూ ఉంటే, పైన రిహార్సలు మొదలైంది. ఒక జెట్టు తల మీదుగా పోయింది. అది పోయాక గానీ దాని శబ్దం రాలేదు, వచ్చాక మాత్రం బల్ల మీది గాజు గ్లాసు దానంతటదే జరిగింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటే పద్దెనిమిది మంది ఫోటోల్లో గడ్డాలు పైకి లేచి ఉన్నాయి, ముక్కు రంధ్రాలు తప్ప ముఖాలు లేవు. ఇరవై రెండేళ్ళ వృత్తిలో ఆవిడ 'కదలకండి' అనడం మరిచిపోయింది ఆ ఒక్కరోజే, ఎందుకంటే ఆవిడ కూడా పైకే చూస్తోంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆ పద్దెనిమిది మందినీ బతిమాలి కూర్చోబెట్టి తీసింది. ఆ మరుసటి ఏడు టికెట్టు కొనుక్కుని, మామగారు ఎప్పుడో మోజుపడి కొని బీరువాలో దాచిన పొడుగాటి లెన్సు తగిలించుకుని, కంచె దగ్గర నిలబడింది. అప్పటినుంచి ఒక్క ఏడు తప్పలేదు. ఏ విమానం మలుపు తిరిగేటప్పుడు వీపు చూపిస్తుందో, ఏది ఎండకు ఎదురొస్తుందో, మధ్యాహ్నమైతే రన్‌వే మీద గాలి మరిగిన నీళ్ళలా ఊగి బొమ్మ ఎలా పాడవుతుందో ఆవిడకు కొట్టిన పిండి. గంటకు తొమ్మిదివందల కిలోమీటర్ల మీద పోయే జెట్టును సెకనులో రెండువేలవ వంతులో పట్టి, పైలట్ హెల్మెట్ మీద గీత కూడా కనిపించేలా తీయగలదు. ఇది ఎంత గొప్ప విద్యో చెప్పడం నాకు చేతకాదు. నేను పెళ్ళిలో వధూవరులను తీస్తేనే ఒకరు కళ్ళు మూసుకుంటారు.

స్టూడియో గోడ మీద మూడడుగుల ఫ్రేములో ఒక ఫోటో ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట తీసింది. పత్రికవాళ్ళ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అందులో ఉన్నది జెట్టు కాదు, రెండు ప్రొపెల్లర్ల పాత రవాణా విమానం. పొట్ట లావు, మూతి పొట్టి, నడక నిదానం. రన్‌వే దగ్గర పనిచేసేవాళ్ళే దాన్ని బాతు అంటారు. ఫోటోలో బాతు నీలాకాశంలో వంకర లేకుండా నిలబడి ఉంటుంది. రేకుకు కొట్టిన రివెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఫోటో ముందు ఆగి నోరు వెళ్ళబెట్టేవాళ్ళు, అత్తగారు ఆ నోరు మూయించి తల దువ్వేది. ఎనిమిదేళ్ళు ఇలా హాయిగా గడిచింది.

ఈ ఏడు ప్రదర్శనకు ఐదు వారాల ముందు ఒకాయన పెన్షను కార్డు ఫోటోకు వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఎంత తోముకున్నా పోని నూనె నలుపు గోళ్ళ అంచుల్లో ఉంది. అత్తగారు పాపిడి తీయబోతే, దువ్వడానికి జుట్టు లేదని నవ్వుతూ తల వంచాడు. ఆ వంచిన తల ఎత్తేటప్పుడు గోడ మీది ఫోటో చూశాడు. లేచి దాని దగ్గరకు వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. కదలకమ్మ ఎప్పటిలాగే పొగడ్త కోసం ఓపిగ్గా ఎదురుచూసింది.

"ఇది తీసింది మీరేనామ్మా?"

"నేనేనండి."

"బాగా తీశారు. రివెట్లు కూడా కనబడుతున్నాయి." ముఖం ఫోటోకు ఇంకా దగ్గరగా పెట్టాడు. "కానీ ఇది పడిపోతోందమ్మా."

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన వేలు పెట్టి చూపించాడు. ఎడమవైపు ప్రొపెల్లరు నాలుగు రెక్కలూ నాలుగు కత్తుల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి. కుడివైపూ అంతే. గాల్లో ఉన్న విమానానికి రెండు పంకాలూ ఇలా ఆగిపోతే ఇంకేమవుతుందని ఆయన మెల్లగా అడిగాడు. కెమెరా వేగం ఎక్కువ పెడితే అలా ఆగినట్టు పడుతుందనీ, నిజానికి అవి తిరుగుతూనే ఉన్నాయనీ ఆవిడ చెప్పింది. చెబుతూ ఉండగానే ఆ మాట తన చెవులకే సాకులా వినిపించింది.

"తిరుగుతున్నాయని నాకు తెలుసమ్మా. ఆరోజు దాన్ని పైకి పంపింది నేనే."

ఆయన ఆ బాతుకు గ్రౌండు మెకానిక్కు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే విమానం, అదే పని. తెల్లారగట్ట వచ్చి ఇంజన్లు విప్పి చూసి, నూనె చూసి, పంకా రెక్కల మీద అరచేత్తో తడిమి, చివరికి ఒక కాగితం మీద తేదీ వేసి సంతకం పెడతాడు. ఆ సంతకం లేకుండా ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా బాతు నేల వదలదు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో గొప్ప ఏమీ లేదు, బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు. అంతా చెప్పి మళ్ళీ ఫోటో వైపు చూశాడు.

"ఆరోజు కాగితం మీద సంతకం నాదేనమ్మా. ఈ ఫోటో చూస్తే నా సంతకం అబద్ధమైనట్టుంది."

ఆయన కోపంగా అన్నా బాగుండేది. తప్పు పట్టినట్టు కూడా అనలేదు. వచ్చి బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. కదలకమ్మ 'కదలకండి' అంది గానీ, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి కుర్చీలో మనిషిని కాకుండా గోడ వైపు చూస్తూ అంది.

ప్రింటు వచ్చేలోపు ఆవిడ ఉండబట్టలేక, ఆ పంకా ఎంత వేగంగా తిరుగుతుందని అడిగింది. నిమిషానికి వెయ్యిసార్లు అన్నాడాయన, పిల్లల వయసు అడిగితే చెప్పినట్టు టక్కున. ఆవిడ రసీదు పుస్తకం వెనక్కి తిప్పి లెక్క వేసింది. సెకనుకు పదహారు పదిహేడు చుట్లు. రెక్కలు నాలుగు. ఒక రెక్క పక్క రెక్క చోటికి రావాలంటే ఇంచుమించు సెకనులో అరవయ్యో వంతు పడుతుంది. అంతసేపు కెమెరా కన్ను తెరిచి ఉంచితే నాలుగు రెక్కలూ కలిసి నిండు చక్రం అవుతాయి. ఇక్కడే ఉంది తిరకాసు. అంతసేపు కన్ను తెరిస్తే పోతున్న విమానం అలికిన ముగ్గయిపోతుంది. అలక్కుండా ఉండాలంటే తీసే మనిషి విమానంతో పాటు, సరిగ్గా దాని వేగానికి, నడుము నుంచి తిరుగుతూ ఉండాలి. తిరుగుతూనే నొక్కాలి, నొక్కాక కూడా తిరుగుతూనే ఉండాలి.

విమానం గాల్లో ఉన్నప్పుడు మీకెలా కనిపిస్తుందని ఆవిడ ఆయన్ని అడిగింది. తనెప్పుడూ చూడలేదన్నాడు మెకానిక్కు. అది పైకి లేచాక ఆయన తల వంచుకుని నేల చూస్తూ వింటాడట. రెండు ఇంజన్లూ కలిసి ఒకే గొంతుగా వినబడాలి, తేడా వస్తే చెవికే ముందు తెలుస్తుంది, కళ్ళు పైన పెడితే చెవి మందగిస్తుంది అన్నాడు. ప్రింటు తీసుకుని, ఫోటో బాగుందని అత్తగారికి చెప్పి వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఆ మెకానిక్కు పనిచేసే చోటి స్టోర్సు గుమాస్తా వచ్చాడు. గుమ్మం పట్టనంత మనిషి, మాట మాత్రం గుసగుస. ప్రదర్శన అయిన మర్నాడు సాయంత్రం నాలుగింటికి మెకానిక్కు గారికి పదవీ విరమణ సభ. అందరూ కలిసి ఆయనకో బహుమతి ఇవ్వాలనుకున్నారు. ఆయనకు తెలియకూడదు. గుమాస్తా గోడ వైపు చూపుడు వేలు పెట్టాడు. ఆ బాతు ఫోటోయే, ఇంతకంటే పెద్దది, బంగారు రంగు ఫ్రేము కట్టి కావాలి.

కదలకమ్మ వెంటనే ఆ ఫోటోకు అడ్డం వచ్చి నిలబడింది. అది వద్దు, ఇంకోటి తీసిస్తానంది. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. బహుమతి వచ్చిన ఫోటో ఉండగా ఇంకోటి ఎందుకు? పైగా ప్రదర్శనకూ సభకూ మధ్య ఒక్క రాత్రి. ఆ తీసేదేదో చెడిపోతే సభలో ఖాళీ ఫ్రేము ఇవ్వాలా? బేరం చివరికి ఇలా తెగింది: కొత్తది కుదిరితే కొత్తది, కుదరకపోతే గోడ మీదిది. అంటే, తను కొత్తది తీయలేకపోతే ఆ పెద్దమనిషి ముప్ఫై నాలుగేళ్ళు పని చేసిన చివరి రోజున, అందరి ముందూ, రెండు ఇంజన్లూ చచ్చిన తన విమానాన్ని చేతుల్లోకి తీసుకుని చాలా బాగుందని నవ్వాలి. ఆయన నవ్వుతాడు కూడా. అదే ఆవిడ భరించలేకపోయింది.

ఆ సాయంత్రం మొగుడు విషయమంతా విని తేలిగ్గా తేల్చేశాడు. కంప్యూటర్లో మచ్చలు తీస్తావు, జుట్టు పెంచుతావు, ఆ పంకాలను కాస్త తిప్పలేవా అన్నాడు. నిజమే, పది నిమిషాల పని. ఆవిడ ఆ పది నిమిషాలూ చేసి చూసింది. రెక్కలు చెరిగి చక్రాలయ్యాయి, చూడముచ్చటగానే ఉంది. కానీ పాస్‌పోర్టు ఫోటోలో పుట్టుమచ్చ చెరిపితే ఆఫీసువాళ్ళు వెనక్కి కొడతారు, మనిషిని ఉన్నది ఉన్నట్టు చూపించమంటారు. ముఖానికి ఉన్న న్యాయం విమానానికి లేదా అనిపించింది. ఒక అబద్ధాన్ని సరిదిద్దడానికి ఇంకో అబద్ధం తయారుచేశానని తిట్టుకుని, దాన్ని కొట్టేసి కంప్యూటరు కట్టేసింది.

ఇక మొదలైంది సాధన. బేరం లేనప్పుడు వీధి గుమ్మంలో నిలబడి, పొడుగు లెన్సు భుజానికి ఆనించి, ఎడమనుంచి కుడికి పోయే ప్రతి బస్సునూ నడుము తిప్పుతూ తీసింది. మొదటి వారం వంద తీస్తే వందా అలుకుడే. మొగుడు నడిపే బస్సు రోజుకు ఏడుసార్లు ఆ వీధిన పోతుంది. పాపం పెళ్ళాం కష్టం చూడలేక స్టూడియో దగ్గరికి రాగానే నెమ్మది చేసేవాడు. ఆవిడ ఆ పూట అన్నం పెడుతూ, నువ్వు నెమ్మది చేస్తే విమానం నెమ్మది చేస్తుందా అని చీవాట్లు పెట్టింది. మర్నాటినుంచి అతను గీత మీద పోయినట్టు ఒకే వేగంతో, ముఖం కూడా ఇటు తిప్పకుండా పోయాడు. ప్రేమను ఇంత క్రమశిక్షణతో చూపించిన భర్తను నేను మరొకణ్ణి చూడలేదు.

వీధిలో కథలు పుట్టాయి. కదలకమ్మ కదులుతోందని చెప్పుల కొట్టతను అందరికీ చాటింపు వేశాడు. నడుం నొప్పికి వ్యాయామమని మందుల షాపు అతను చెప్పాడు. అదేం కాదు, వ్యాయామం వల్ల నడుం నొప్పి అని అత్తగారు సరిచేసింది. రోజూ సాయంత్రం కోడలి నడుముకు బామ్ రాస్తూ, ఆ రోజు తీసినవన్నీ కెమెరా వెనక తెర మీద చూస్తూ తీర్పులిచ్చేది. ఆవిడకు షట్టరంటే తెలియదు, అంకెలు తెలియవు. తీర్పులు రెండే రకాలు. "ఇది ఆగిపోయింది" ఒకటి, "ఇదిగో, ఇది పోతోంది" ఇంకొకటి. నాలుగో వారానికి వందలో ఏడో ఎనిమిదో పోతున్నాయి. చక్రాలు సుడి తిరుగుతూ, వెనక కొట్లన్నీ గీతలు గీతలుగా సాగిపోతూ, డ్రైవరు మీసం మాత్రం స్పష్టంగా ఉన్న ఒక ఫోటో చూసి అత్తగారు మురిసిపోయింది. వీడు ఇంత శ్రద్ధగా పనిచేస్తాడని నాకు తెలియదే అంది.

ప్రదర్శన రోజున అత్తగారు కూడా బయల్దేరింది. ఎప్పుడూ రాని మనిషి, చెప్పినా వినలేదు. మడత స్టూలు, గొడుగు, మంచినీళ్ళ సీసా పట్టుకుని కంచె దగ్గర మకాం పెట్టింది. కంచె దగ్గరికి కెమెరాలతో వచ్చేవాళ్ళు ఏటా ఆ మనుషులే. అందరికంటే పెద్ద లెన్సు పళ్ళ డాక్టరుది. కిందటేడు బహుమతి ఆయనదే. కదలకమ్మ కెమెరా వైపు ఓరగా చూసి ఆయన కంగారుపడ్డాడు. వేగం అరవై మీద ఉందని, మర్చిపోయినట్టున్నారని, ఇలాగైతే రోజంతా బూడిదేనని మర్యాదగా చెవిలో చెప్పాడు. మర్చిపోలేదని ఆవిడ అంతే మర్యాదగా చెప్పింది. డాక్టరు పిప్పి పన్ను చూసినట్టు చూసి తన కెమెరా వైపు తిరిగాడు.

ముందు జెట్లు లేచాయి. నాలుగు కలిసి, రెక్కకు రెక్క ఆనేంత దగ్గరగా వచ్చి, తల మీద ఒక్కసారిగా నాలుగు దిక్కులకూ విడిపోయాయి. కంచె పొడుగునా కెమెరాలు వడగళ్ళలా టపటపలాడాయి. కదలకమ్మ కెమెరా కిందికి దించేసింది. జెట్టు వెంట పడితే మెడ, భుజం కుదుపుకు అలవాటు పడిపోతాయి, తర్వాత బాతు నిదానం నడుముకు అందదు. అందుకని ప్రాణం విలవిల్లాడుతున్నా వదిలేసింది. చేతులు ఖాళీ అయ్యేసరికి, పన్నెండేళ్ళలో మొదటిసారి వట్టి కళ్ళతో చూసింది. ఒక జెట్టు నిలువుగా పైకి లేచి, చుక్కై, ఆ చుక్క కూడా కనిపించకుండా పోయి, మళ్ళీ ఎక్కడో వెనకనుంచి ఊడిపడింది. అత్తగారు రెండు చెవులూ మూసుకుని నవ్వుతోంది. ఇంత పెద్దదా ఇది అనుకుంది కదలకమ్మ. లెన్సులోంచి ఎప్పుడూ అది అరచేయంతే ఉండేది.

పదకొండు దాటాక బాతు వంతు వచ్చింది. లెన్సులో వెతికితే రన్‌వే పక్కన మెకానిక్కు దొరికాడు. చెవులకు కప్పులు పెట్టుకుని, విమానం ముందు నిలబడి, రెండు బొటనవేళ్ళూ పైకెత్తి పంపించాడు. అది నేల విడవగానే చెవి కప్పులు తీసేసి, తల వంచుకుని నేల చూస్తూ నిలబడిపోయాడు. అన్న మాట నిజమే, వింటున్నాడు. ఇరవై వేలమంది పైకి చూస్తున్న మైదానంలో ఆ ఒక్కడే కిందికి చూస్తున్నాడు.

బాతు మూడుసార్లు వస్తుందని కార్యక్రమం కాగితంలో రాసి ఉంది. మొదటిసారి చాలా ఎత్తున వచ్చి పారాచూట్ల వాళ్ళను వదిలి పోయింది, అది ఫోటోకు అందేది కాదు. రెండోసారి కిందుగా, నిదానంగా, ఎడమనుంచి వచ్చింది. కదలకమ్మ ముందే పాదాలు కుడివైపుకు తిప్పి పెట్టుకుని, నడుము ఎడమకు మెలిపెట్టి పట్టుకుంది. వెంట తిరిగింది, నొక్కింది, తిరిగింది. నలభై వచ్చాయి. తెర మీద చూసుకుంటే నలభైకి నలభై అలుకుడే. మొదటి వారం బస్సులు కూడా ఇంత చెడ్డగా లేవు. మిగిలింది ఇంకొక్కసారి. ఆ తర్వాత గోడ మీది ఫోటోను దింపి, బంగారు రంగు ఫ్రేములో పెట్టడమే.

వెనక స్టూలు మీదినుంచి అత్తగారు గొడుగు కొనతో కోడలి మడమ మీద తట్టింది.

"నొక్కేటప్పుడు ఆగిపోతున్నావే."

"లేదత్తయ్యా, తిరుగుతూనే ఉన్నాను."

"నేను చూస్తున్నానుగా. బస్సులకి ఆగలేదు, దీనికి ఆగుతున్నావు. ఊపిరి కూడా బిగబడుతున్నావు, మన కుర్చీలో కూర్చునేవాళ్ళలాగా. చెడిపోతుందని భయపడకు. కదులు."

నిజమే. ఇరవై రెండేళ్ళుగా మీట నొక్కే క్షణం అంటే ఆ ఒంటికి లోకమంతా ఆగే క్షణం. అవతలివాళ్ళను ఆపీ ఆపీ, తనూ ఆగడం నేర్చుకుంది. భయం వేసేసరికి నాలుగు వారాల విద్య పక్కకు తప్పుకుని, ఇరవై రెండేళ్ళ అలవాటు వచ్చి కూర్చుంది. గొప్ప పనిమంతులకు మాత్రమే వచ్చే జబ్బు ఇది. చేతకానివాళ్ళకు ఇంత గట్టి అలవాటు ఎక్కడిది?

మూడోసారి బాతు చెట్ల మీదుగా వచ్చింది. కదలకమ్మ కళ్ళతో కాకుండా ముందు చెవులతో పట్టుకుంది. రెండు ఇంజన్ల ఒకే గొంతు. ఆ గొంతు ఎటు పోతే నడుము అటు పోయింది. ఊపిరి వదులుతూ నొక్కింది. నొక్కిన వేలు సంగతి మరిచిపోయి, విమానం రన్‌వే చివర మలుపు తిరిగేదాకా, ఇంక నడుము తిరగనంటే పాదాలు కూడా తిప్పి, పళ్ళ డాక్టరు భుజానికి లెన్సు తగిలేదాకా తిరిగింది. డాక్టరు అబ్బా అన్నాడు. ఆవిడకు వినబడలేదు.

ముప్ఫై ఒకటి తీసింది. ఇరవై తొమ్మిది దాకా జరిపేసరికి ఆశ అడుగంటింది. ముప్ఫయ్యోది ఉంది. ముక్కు, కిటికీలు, ఒంటి మీది అంకెలు గీత గీసినట్టు స్పష్టం. కింద చెట్లన్నీ ఆకుపచ్చ దారాలై వెనక్కి సాగిపోతున్నాయి. రెండు పంకాలూ, ఇటూ అటూ, రెండు నిండు చక్రాలు, మధ్యలోంచి ఆకాశం కనబడేంత పలచగా. తోక చివర మాత్రం కొద్దిగా చెదిరింది. డాక్టరు భుజం రుద్దుకుంటూ తొంగిచూసి, తోక షార్ప్‌గా లేదండీ, పోటీకి పనికిరాదు అన్నాడు. అన్నాక కూడా చూపు తిప్పుకోలేక ఇంకాసేపు చూశాడు, అది ఆయన మంచితనం. అత్తగారు కెమెరా లాక్కుని తెర దగ్గరగా పెట్టుకుంది.

"ఇదిగో," అంది. "ఇది పోతోంది."

మర్నాడు నాలుగింటికి విమానాల షెడ్డులో కుర్చీలు వేశారు. ఆఫీసరు మాట్లాడాడు, ఇంకో ఆఫీసరు మాట్లాడాడు, ఇద్దరూ మెకానిక్కు గారి సేవలు మరువలేనివని కాగితం చూసి చదివారు. కదలకమ్మ ఫ్రేము అప్పగించి వెళ్ళిపోవాల్సింది, కాళ్ళు రాక తలుపు దగ్గరే నిలబడింది. గుమాస్తా నిన్న రాత్రే కొత్త ఫోటో చూసి, తోక సంగతి ఎత్తి సణిగాడు. పాతదే బాగుందన్నాడు. ఆవిడ గోడ మీది ఫోటో ఈ పనికి ఇవ్వనంటే ఇవ్వనని తెగేసి చెప్పాక గానీ కాగితం చుట్టనివ్వలేదు. ఇప్పుడు ఆ కాగితం విప్పుతున్నది మెకానిక్కు. ఆ నల్లటి గోళ్ళతో, ఎక్కడా చిరగకుండా, అతుకు అతుకుగా విప్పాడు.

కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ముందు ఎడమ పంకా చూశాడు. తర్వాత కుడిది. మళ్ళీ ఎడమది. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తిన జనం ఎప్పుడు కొట్టాలో తెలియక అలాగే ఉండిపోయారు. ఆయన ఫ్రేమును కొంచెం పక్కకు వంచి, తల దించి, చెవి దాని దగ్గరగా పెట్టాడు. ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. ఆయన తల ఎత్తి షెడ్డంతా వెతికి, తలుపు దగ్గరున్న ఆవిడను చూశాడు.  కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. కదలకమ్మకు మాత్రం కొంగు అడ్డం పెట్టుకోక తప్పలేదు.

ఆయన గుమాస్తా జేబులోంచి పెన్ను లాగాడు. ఫ్రేమును బల్ల మీద బోర్లించి, వెనక అట్ట మీద విమానం నంబరు రాశాడు. కింద తేదీ వేశాడు. టైము వేశాడు. దాని కింద, ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రతి తెల్లవారుజామునా పెట్టినట్టే, పొడుగ్గా, తొందర లేకుండా సంతకం పెట్టాడు.

గుమాస్తాకు నోరు ఊరుకోదు. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, "ఇవాళ మధ్యాహ్నం నుంచి మీకు సంతకం పెట్టే అధికారం లేదండీ," అన్నాడు నవ్వుతూ.

మెకానిక్కు తేదీ మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది ఎగిరింది నిన్న," అన్నాడు. "నిన్న ఉంది."